దీక్ష కాలు, కూలి కాలు: భద్రాచలం నడకదారి మీద కొన్ని ప్రశ్నలు

కొత్తగూడెంలో రైలు దిగినవాళ్లకు స్టేషన్ బోర్డు మీద 'భద్రాచలం రోడ్' అన్న పేరు కనిపిస్తది. అది భద్రాచలం కాదు, భద్రాచలానికి పోయే రోడ్డు మాత్రమే. అక్కడి నుంచి గుడికి ఇంకా దాదాపు 40 కిలోమీటర్లు. ఖమ్మం నుంచి లెక్కేస్తే దాదాపు 120. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి ముందు రోజుల్లో ఈ దారెంట మనుషులు గుంపులు గుంపులుగా నడిచిపోతుంటారు. దీక్ష తీసుకున్నవాళ్లలో చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. వాళ్లలో మన వాడల నుంచి పోయేవాళ్లు కూడా ఉంటారు.

ఈ వ్యాసంలో మేం భక్తి గురించి చర్చించటం లేదు. ఆ నడిచే కాళ్ల కింద ఉన్న నేల గురించి చర్చిస్తున్నాం. నేల గురించి ఏం చర్చ ఉంటదని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. బావి గురించి, గుడి గురించి మనం చాలా రాసుకున్నాం. బావి దాకా, గుడి దాకా తీసుకుపోయే దారి గురించి రాసుకున్నది తక్కువ. ఆ దారిని దేనితో వేశారు, ఎవరు వేశారు, ఎవరి కాలును మనసులో పెట్టుకొని వేశారు అన్నవి కూడా కులం ప్రశ్నలే. దీక్ష కాలికి నేల కాలుతున్నదని సమాజానికి తెలుస్తది, దానికి ఏదో ఒక ఏర్పాటు జరుగుతది. కూలి కాలికి అదే నేల కాలుతున్నదన్న సంగతి తెలియనే తెలియదు. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూపించటమే మా ప్రయత్నం.

నేలలో రకాలు

పాత దారి బండ్లబాట. ఎక్కువగా ఎర్రమట్టి, అక్కడక్కడ నల్లరేగడి. వట్టి కాలికి అన్నిట్లోకి అనుకూలమైనది ఎర్రమట్టి బాటే. అడుగు పడ్డప్పుడు మట్టి కొద్దిగా నలిగి బరువులో కొంత తను తీసుకుంటది. పైన చెట్టు నీడ ఉంటే ఎండాకాలంలో కూడా అంతగా కాలదు. వానాకాలం వస్తే మాత్రం జారుతది. రేగడైతే పిడచలు పిడచలుగా కాలికి అంటుకుంటది.

మొరం రోడ్డు దీని తర్వాతి మెట్టు. కొత్తగా రోలర్ తొక్కినప్పుడు బాగానే ఉంటది. రెండు వానలకు మట్టి కొట్టుకపోయి సన్నరాళ్లు పైకి తేలుతయి. అప్పుడు ప్రతి అడుగూ చూసి వెయ్యాల్సిందే.

కంకర సంగతి వేరు. ఏటి రాయి నున్నగా ఉంటది, కంకర అంటే పగలగొట్టిన రాయి, దానికి అంచులుంటయి. ఆ అంచులు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే రోడ్డు నిలబడతది. నున్నటి రాళ్లు పోస్తే చక్రం కింద జారిపోతయి. అంటే చక్రానికి ఏది బలమో వట్టి కాలికి అదే గాయం. రోడ్డు అన్నది మొదటి నుంచీ చక్రం కోసం తయారైన వస్తువు, కాలు దాని మీద అతిథి మాత్రమే అన్న సంగతి ఇక్కడే అర్థమైపోతది.

ఆ కంకర మీద చిప్స్ కలిపిన తారు పరిస్తే తారు రోడ్డు. నున్నగానే ఉంటది కాని నల్లది కాబట్టి ఎండను తాగుతది. నవమి మార్చి చివర గాని ఏప్రిల్‌లో గాని వస్తది. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో అప్పటికే ఎండ 40 డిగ్రీల దగ్గరికి చేరుతది. గాలి 40 ఉన్న రోజున మిట్టమధ్యాహ్నం తారు 60 దాకా పోతది. మనిషి చర్మానికి 43, 45 డిగ్రీల దగ్గరే నొప్పి మొదలవుతది. ఊళ్ల నడుమ వేసే సిమెంటు రోడ్డు రంగు తక్కువ కాబట్టి తారు కంటే కొంత తక్కువ కాలుతది. కాని అది ఏమాత్రం లొంగదు, దెబ్బంతా మడమకు, మోకాలికి పోతది.

చివరకు గోదావరి ఇసుక. భద్రాచలం వంతెన 1965లో వచ్చింది. అంతకు ముందు ఈ ఒడ్డుకు చేరినవాళ్లు రేవు దాటి పోవాల్సిందే. ఉదయం పూట ఇసుక అంత హాయి ఇంకొకటి లేదు, మధ్యాహ్నం దాని మీద నిలబడలేం.

నడిచేవాళ్లకు ఈ తేడాలన్నీ తెలుసు. అందుకే తెల్లవారుజామున, రాత్రి పూట నడిచి ఎండ వేళకు చెట్ల కింద ఆగుతారు. అయితే ఈ రోడ్డు జాతీయ రహదారి. ఒకప్పుడు 221, ఇప్పుడు 30వ నంబరు. బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు, సారపాక కాగితం మిల్లుకు దుంగలు మోసే లారీలు రాత్రి కూడా తిరుగుతయి. తారు అంచు దిగితే కంకర ముక్కలు, సీసా పెంకులు, పల్లేరుకాయలు, తుమ్మముళ్లు. అందుకని వట్టి కాళ్లవాళ్లు తెల్లగీత మీదికే వస్తారు. కాలు దక్కించుకోబోతే ప్రాణం లారీ పక్కకు చేరుతది. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. షుగర్ జబ్బు ముదిరినవాళ్లకు అరికాలి స్పర్శ తగ్గిపోతది. కాలు బొబ్బలెక్కినా, ముల్లు దిగినా తెలియదు. తర్వాత అది పుండై కాలు తీసేసే దాకా పోవచ్చు. అటువంటివాళ్లు వట్టి కాళ్లతో నడవకూడదని దీక్ష ఇచ్చేవాళ్లు ముందుగానే చెప్పటం ధర్మం.

వట్టి కాలు రెండు రకాలు

చెప్పు విడవటం భక్తుడికి వ్రతం. తన ఇష్టంతో, కొన్ని రోజుల కోసం విడుస్తాడు, మొక్కు తీరాక మళ్లీ తొడుక్కుంటాడు. మన తాత ముత్తాతలకు చెప్పు లేకపోవటం వ్రతం కాదు, విధించిన కట్టడి. తెలంగాణ ఊళ్లల్లో దొర గడీ ముందు నుంచి పోయే మాల మాదిగలు చెప్పులు విప్పి చేతబట్టుకొని, తల దించుకొని నడవాల్సి వచ్చేది. గడీ దాటినాక మళ్లీ తొడుక్కునేవాళ్లు. ఆ నాలుగు అడుగుల మేర నేల ఎంత కాలినా సరే. ఊరి పెద్దలను అడిగితే ఈ కథ చెప్పని వాడ ఉండదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. రామాయణ కథలో భరతుడు అన్న పాదుకలను సింహాసనం మీద పెట్టి రాజ్యం చేశాడంటారు. అంటే చెప్పుకు రాజ్యాధికారం దక్కింది. చెప్పు చేసిన చేతికి ఊళ్లో చోటు దక్కలేదు. తోలును లందలో నానబెట్టి, తంగేడు చెక్కతో ఊనబెట్టి, ఆరెతో, రంపెతో దాన్ని చెప్పుగా మార్చినవాడు మాదిగ. ముల్లుకు, రాయికి, ఎండకు మనిషి కాలిని కాపాడే శాస్త్రం అతని దగ్గర ఉంది. తంగేడు ఈ అడవి అంచుల్లో దొరికేదే. అడవిలోని చెట్టుకు, పశువు తోలుకు, మనిషి అరికాలికి మధ్య సంబంధం కనిపెట్టిన జ్ఞానం అది. నిజాం రాజ్యంలో ఆ జ్ఞానాన్ని వెట్టి కింద గుంజుకున్నారు. దొరకు, పటేల్‌కు, పట్వారీకి చెప్పులు కూలి లేకుండా కుట్టియ్యాలి. కుట్టినవాడు మాత్రం వాళ్ల ముందు వట్టి కాళ్లతో నిలబడాలి.

వర్ణ సిద్ధాంతం శూద్రుడు పాదాల నుంచి పుట్టాడని చెప్పింది. పంచముడికి ఆ పాదాల్లో కూడా చోటియ్యలేదు. దేవుడి పాదం, గురువు పాదం, రాజు పాదుక పూజకు వస్తయి. నేల మీద పనిచేసే పాదం మాత్రం అవమానానికి గుర్తు. కాబట్టి దీక్షలో చెప్పు విడవటాన్ని వినయం అని పొగిడేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. చెప్పు తొడుక్కునే హక్కు ఉన్నవాడు విడిస్తే అది వినయం. ఆ హక్కే లేనివాడి వట్టి కాలికి ఏం పేరు పెట్టాలి?

రోడ్డు వేసిన కాలు

భద్రాచలం గుడి చరిత్ర చెప్పేవాళ్లు కంచర్ల గోపన్న పేరు చెబుతారు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, సర్కారు శిస్తు సొమ్ముతో గుడి కట్టించి, గోల్కొండ చెరసాలకు పోయిన రామదాసు ఆయనే. శిస్తు కట్టిన రైతు పేరు, రాయి మోసిన కూలి పేరు ఆ కథలో లేదు. గుడికే ఇట్లా ఉంటే రోడ్డు చరిత్రలో కూలి పేరు వెతకటం ఇంకా కష్టం.

ఏజెన్సీలో రోడ్లు ఎట్లా వచ్చాయో చెప్పే ఒక సంఘటన మాత్రం చరిత్రకెక్కింది. విశాఖ మన్యంలో నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించేటప్పుడు గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లతో కూలి ఎగ్గొట్టి పని చేయించాడు. 1922-24 మధ్య అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో జరిగిన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఈ రోడ్డు పని ఒకటి. మన్యంలో రోడ్డును అభివృద్ధి అని సర్కారు చెప్పింది. దాన్ని మోసినవాళ్లకు అది వెట్టి.

ఇయ్యాల వెట్టి పేరు లేదు. కంకర కొట్టటంలో తరతరాలుగా వడ్డెరలున్నారు. క్రషర్లు వచ్చినాక సుత్తి పని తగ్గింది, రాతి దుమ్ము మాత్రం వాళ్ల ఊపిరితిత్తుల్లోనే ఉంది. మట్టి పనికి, తారు పనికి పాలమూరు వలస కూలీలు, ఈ మధ్య ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్ కూలీలు వస్తున్నారు. తారును కంకరతో కలిపేటప్పుడు 150 డిగ్రీల పైకి కాస్తారు. పరిచేటప్పుడు కూడా 120 డిగ్రీలకు పైనే ఉండాలి, లేకపోతే రోలర్ కింద సరిగ్గా అణగదు. ఆ వేడి మీద నిలబడి పారలతో సర్దే కూలీలు రబ్బరు చెప్పులకు గోనెపట్టాలు చుట్టుకొని పని చేయటం ఎవరైనా చూడగలిగే దృశ్యమే. భక్తుడి కాలు 60 డిగ్రీల తారు మీద పడితే అయ్యో అనే మనం, అంతకు రెట్టింపు వేడి మీద నిలబడ్డ కాలును చూసి బండి హారన్ కొట్టి పక్క నుంచి పోతాం.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో పార్లమెంటు చేసిన చట్టం రోడ్డు పనిని కూడా అందులో చేర్చింది. పని ఖర్చులో ఒక శాతం సెస్సుగా వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలన్నారు. సెస్సు వసూలైంది. బూట్లు మాత్రం కూలి కాలి దాకా రాలేదు. పండగ రోజుల్లో గుడి చుట్టూ చలువ పందిళ్లు వేస్తారు, నేల మీద పట్టాలు పరుస్తారు, నీళ్లు చల్లుతారు. అవి ఉండాల్సిందే, మేం కాదనటం లేదు. పండగ ముగిసినాక లక్షల మంది తొక్కిన ఆ దారిని, దారి పక్కన మిగిలిపోయిన మలమూత్రాలను ఎత్తిపోసే పారిశుద్ధ్య కార్మికుల్లో ఎక్కువమంది ఎవరో, వాళ్ల చేతికి గ్లౌజులు, కాలికి బూట్లు ఉన్నాయో లేదో ఎవరూ అడగటం లేదు. అదే మా అభ్యంతరం.

చట్టంలో దారి, చట్టంలో చెప్పు

ఈ నడకదారికి గోదావరి సరిహద్దుగా ఉండేది. 1953 దాకా ఈ ఒడ్డున పాల్వంచ, బూర్గంపాడు హైదరాబాద్ రాజ్యంలో, అవతలి ఒడ్డున భద్రాచలం తాలూకా మద్రాసు కింద. ఆ తర్వాత మూడేళ్లు అవతలి ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. 1959లో భద్రాచలాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. అంటే నడిచే మనిషి ఏరు దాటితే చట్టం మారేది. మద్రాసులో ఎం.సి. రాజా పట్టుదలతో 1938లో వచ్చిన చట్టం, రోడ్లు, బావుల దగ్గర అంటరాని కులాలను అడ్డుకోవద్దని చెప్పింది. 1947లో అక్కడే దేవాలయ ప్రవేశ చట్టం వచ్చింది. అదే కాలంలో ఈ ఒడ్డున వెట్టి నడుస్తున్నది.

దారి కోసం కొట్లాట మన దగ్గరే కాదు. కేరళలోని వైకోంలో 1924-25లో జరిగిన సత్యాగ్రహం గుడి లోపలికి పోవటానికి కాదు. గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవటానికి. ఏడాదిన్నర పైగా కొట్లాడితే మూడు దిక్కుల దారులు తెరిచారు. ఆ అనుభవమంతా తెలిసినవాళ్లు రాజ్యాంగం రాశారు కనుకనే 15వ అధికరణం రెండో భాగంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలతో పాటు రోడ్లు అన్న మాట కూడా చేర్చారు.

చెప్పు చట్టంలోకి రావటానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. బహిరంగ స్థలంలో ఎస్సీ, ఎస్టీలను సైకిల్ తొక్కకుండా, చెప్పులు తొడుక్కోకుండా, కొత్తబట్టలు కట్టుకోకుండా అడ్డుకోవటం నేరమని అందులో స్పష్టంగా రాశారు. అంటే రాజ్యాంగం వచ్చిన 66 ఏళ్లకు చెప్పు తొడుక్కునే హక్కును పేరు పెట్టి రాయాల్సి వచ్చింది. ఎక్కడా జరగని తప్పును చట్టంలో రాయరు గదా. విద్యార్థి మిత్రులు ఈ సెక్షన్‌ను ఊళ్లల్లో చదివి వినిపించాలి.

దమ్మక్క బాట

భద్రగిరి మీద పుట్టలో విగ్రహాలను మొదట చూసింది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ అని స్థలపురాణమే చెబుతది. తాటాకు పందిరి వేసి తాటిపండు నైవేద్యం పెట్టిందట. ఆ కథ ప్రకారమే చూసినా ఈ గుడికి మొదటి నడకదారి ఒక ఆదివాసీ స్త్రీ కాలితో పడ్డ బాట. ఆ బాట జాతీయ రహదారి అయ్యింది. దమ్మక్క జాతివాళ్ల గూడేలకు పోయే బాట ఎట్లా ఉందో చూడటానికి రహదారి నుంచి కొన్ని కిలోమీటర్లు లోపలికి పోతే చాలు.

2000 డిసెంబర్‌లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన, మైదానంలో 500 మంది, ఆదివాసీ ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉన్న ఊళ్లను లెక్కలోకి తీసుకున్నది. ముప్ఫై ఇళ్ల గూడెం ఆ లెక్కకు అందదు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయల గూడేలు అడవి లోపల ఉన్నాయి. అక్కడ రోడ్డు మాట ఎత్తితే అటవీశాఖ అడ్డం చెబుతది. వానాకాలంలో నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి మోసుకొచ్చే దారి ఇదే. డోలీ మోసేవాళ్ల కాళ్లకు జారే మట్టి, వాగులో గులకరాళ్లు. ఎండాకాలంలో నవమి నడక ముగిసే వేళకు ఇక్కడ ఇప్పపువ్వు ఏరటం అవుతది, తునికాకు కోత మొదలవుతది. ఆ కట్టలు నెత్తిన పెట్టుకొని కల్లం దాకా నడిచే ఆడవాళ్ల కాళ్లకు ఎవరూ నీళ్లు చల్లరు.

చట్టంలో దారి లేదా అంటే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రకారం రోడ్డు, బడి, అంగన్‌వాడీ వంటి 13 రకాల పనులకు అటవీ భూమి ఇయ్యవచ్చు. పని ఒక్కింటికి భూమి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు చెయ్యాలి. తీర్మానం రాసి పంపే పని గ్రామసభది. టీచర్లుగా ఉన్న మిత్రులు ఆ తీర్మానం రాయటంలో సాయపడగలరు. బొగ్గు కోసం, పోలీసు క్యాంపు కోసం అడవిలో రోడ్డు తొందరగానే వస్తది. డోలీ కోసం రావాలంటే మనం అడగాలి. అయితే దళితుల సమస్య, ఆదివాసుల సమస్య ఒక్కటేనని మేం అనటం లేదు. ఏజెన్సీలో భూమి విషయంలో రెండు పక్షాల మధ్య చిక్కులున్నాయి. కాని ఎవరి కాలు లెక్కలోకి రావటం లేదు అన్న ప్రశ్న దగ్గర ఇద్దరూ ఒకే బాట మీద ఉన్నారు.

పండరి దారి నేర్పేది

మహారాష్ట్రలో ఆళంది నుంచి, దేహూ నుంచి పండరిపురం దాకా వార్కరీలు నడిచే దారులను జాతీయ రహదారులుగా వెడల్పు చేస్తూ, పక్కన నడిచేవాళ్లకు ప్రత్యేక బాట వేసే పనికి 2021 నవంబర్‌లో శంకుస్థాపన జరిగింది. నడిచే కాలిని లెక్కలోకి తీసుకోవటం మంచిదే, భద్రాచలం దారికి కూడా అది కావాలి. అయితే నేల చదును చేస్తే మనుషులు సమానమైపోరు. పండరి భక్తుల్లో గొప్పవాడైన చోఖామేళా మహర్ కులంవాడు. ఆయన సమాధి గుడి బయట, మెట్ల దగ్గరే ఉంది. ఆ గుడిలోకి దళితులను రానియ్యాలని సానే గురూజీ 1947లో నిరాహారదీక్ష చెయ్యాల్సి వచ్చింది. ఆ తర్వాత అదే దారిలో నడిచిన ఇరావతి కార్వే, ఒకే గుంపులో కలిసి పాడుతూ నడిచినవాళ్లే అన్నం దగ్గర కులాలవారీగా విడిపోవటం చూసి రాసింది. నడకలో కలిసిన కాళ్లు పంక్తిలో విడిపోయాయి.

కాబట్టి మేం అడిగేవి కొన్ని పనులు, కొన్ని ప్రశ్నలు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా తారు అంచు పక్కన ముళ్లు, కంకర తీసేసి ఎర్రమట్టి బాట వెయ్యాలి, నీడకు వేప, కానుగ నాటాలి. వాటి కింద నవమికి భక్తుడు నడుస్తాడు, మిగతా ఏడాదంతా బడిపిల్లలు, కూలోళ్లు నడుస్తారు. తారు పనిలో ఉన్న ప్రతి కూలికీ బూట్లు ఇచ్చిన తర్వాతే కాంట్రాక్టరుకు బిల్లు పాస్ చెయ్యాలి. పండగ పారిశుద్ధ్య పనిలోకి తెచ్చినవాళ్ల సంఖ్య, కూలి, ఇచ్చిన సామాను బహిరంగంగా రాసి పెట్టాలి. దారి పొడుగునా ఉండే అన్నదానం పందిళ్లలో ఎవరు వడ్డిస్తున్నారు, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎంగిలాకులు ఎవరు తీస్తున్నారు అన్నది విద్యార్థులు ఈసారి నవమికి ముందు ఆ దారెంట పోయి చూసి రాయాలి. పోయేటప్పుడు చెప్పులు తొడుక్కునే పోవాలి.